పక్క సీటు ఖాళీ అయ్యాకే తెలుస్తుంది: క్రైమ్ సిరీస్ జోడీల లెక్క

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. బతుకులో అది నిజమే కావచ్చు. టీవీకి క్రైమ్ సిరీస్ రాసేవాళ్లకు మాత్రం ఈ సామెత పెద్ద గొయ్యి. ఇద్దరు డిటెక్టివ్‌లు ఏళ్ల తరబడి ఒకే కారులో తిరుగుతారు, ఒకే శవం ముందు నిలబడతారు, ఒకే నిందితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు. అయినా ఒకరి ప్రభావం ఇంకొకరి మీద పడలేదంటే చూసేవాడు నమ్మడు. పూర్తిగా పడి ఇద్దరూ ఒకేలా తయారైతే ఇక చూడటానికేమీ మిగలదు. వారు వీరవ్వాలి, కానీ వారు వారుగానే ఉండాలి. పేరున్న సిరీస్‌లు ఈ చిక్కుముడిని ఒక్కొక్కటీ ఒక్కో రకంగా విప్పుకున్నాయి, కొన్ని విప్పలేక చతికిలబడ్డాయి. (ముగింపులు దాచిపెట్టి ఈ సంగతి చెప్పడం కుదరదు. ఇంకా చూడనివాళ్లు జాగ్రత్త.)

ప్రభావం ఎక్కడ కనిపిస్తుందని అడిగితే చాలామంది ఇద్దరూ ఎదురెదురుగా ఉన్న సీన్లనే చూపిస్తారు. వాదులాట, అలక, రాజీ, చివర్లో ఒక చిరునవ్వు. అవన్నీ స్నేహానికి గుర్తులు. స్నేహం వేరు, ప్రభావం వేరు. ప్రభావానికి గట్టి సాక్ష్యం దొరికేది పార్ట్‌నర్ ఆ గదిలో లేనప్పుడు. అతను ఉంటే చేసే పనిని, అతను లేని చోట, ఎవరూ అడగకుండా ఈవిడ చేసిందనుకోండి, అది ప్రభావం.

'ది ఎక్స్-ఫైల్స్' దీనికి మంచి ఉదాహరణ. 1993లో మొదలైనప్పుడు లెక్క సూటిగా ఉండేది. అంతుచిక్కని కేసులు చూసే ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లలో మల్డర్ గ్రహాంతరవాసుల్నీ అతీత శక్తుల్నీ నమ్ముతాడు, స్కల్లీ ఆధారం అడుగుతుంది. ఏడు సీజన్ల తర్వాత మల్డర్ కనిపించకుండా పోతే, ఎనిమిదో సీజన్‌లో స్కల్లీ పక్కన జాన్ డాగెట్ చేరతాడు. మాజీ పోలీసు, కంటికి కనిపించిందే నమ్మే రకం. అప్పుడు స్కల్లీ ఒకప్పుడు మల్డర్ నిలబడినట్టే స్లైడ్ ప్రొజెక్టర్ పక్కన నిలబడి, నమ్మశక్యం కాని వివరణను తనే ముందు పెడుతుంది. ఏడేళ్లు తను మల్డర్‌ని అడిగిన ప్రశ్నలు ఇప్పుడు డాగెట్ నోట్లోంచి ఆమెకు ఎదురవుతాయి. అంతకాలం మల్డర్‌తో వాదిస్తున్నప్పుడు ఆమె ఎంత మారిందో మనకు అందలేదు. కుర్చీ మారాకే అందింది.

అసలు డిటెక్టివ్‌లు జంటగా ఎందుకుంటారన్న దగ్గర మొదలుపెడితే విషయం ఇంకాస్త తేటపడుతుంది. మొదటి కారణం అవసరం. ఒంటరి డిటెక్టివ్ బుర్రలో ఏం తిరుగుతోందో కెమెరాకు కనిపించదు. పక్కన ఒకరుంటే బయటకు చెప్పాలి. "తాళం లోపలినుంచి వేసుంది, మరి కిటికీ?" అని ఒకరంటే రెండోవారు కాదనాలి. ప్రేక్షకుడికి కేసు అర్థమయ్యేది ఆ కాదనడంలోనే. గంట స్లాటులో ప్రకటనలు పోగా అమెరికన్ నెట్‌వర్క్ ఎపిసోడ్‌కు మిగిలేది సుమారు 42 నుంచి 44 నిమిషాలు. అందులో సింహభాగం కేసుదే. జోడీ మనసుల సంగతికి దక్కేవి కారులో రెండు నిమిషాలు, శవపరీక్ష గది బయట ఒక నిమిషం, చివర్లో మరో నిమిషం. కాబట్టి తెలివైన రచయిత ప్రభావం కోసం విడిగా సీన్లు రాయడు. కేసు విప్పే పనిలోనే దాన్ని కలిపేస్తాడు. సాక్షిని ఎలా పలకరించాడు, అబద్ధం తెలిసినా ఎంతసేపు ఊరుకున్నాడు, వారెంటు లేకుండా తలుపు తోశాడా అన్నవి కేసును ముందుకు నడుపుతాయి, మనిషినీ చూపిస్తాయి.

అంటే ముందు ఇద్దరికీ వేర్వేరు పద్ధతులు ఉండి తీరాలి. స్వభావాలు వేరైనంత మాత్రాన సరిపోదు. ఒకడు కోపిష్టి, ఒకడు శాంతం అని రాసుకుంటే ఎడ్డెమంటే తెడ్డెమనే జోడీ తయారవుతుంది, నాలుగు ఎపిసోడ్లు సరదాగా నడుస్తుంది, అంతే. కోపాన్ని ఎవరూ చేబదులు తీసుకోరు. పద్ధతినైతే తీసుకోవచ్చు: ప్రశ్న అడిగే తీరు, గది చూసే తీరు, నిబంధనతో వ్యవహరించే తీరు, మౌనాన్ని వాడుకునే తీరు. ఈ నాలుగింట్లో కనీసం రెండు ఇద్దరికీ తేడాగా ఉండాలి. ఆ తేడా వాళ్లు పని చేస్తుండగా మన కళ్లబడాలి.

తర్వాతి మెట్టు దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఒకరు వాదించి రెండోవారిని ఒప్పించేశారని రాస్తారు. వాదనతో ఎవరూ మారరు, తెరమీద అయితే అసలు మారరు. తన పద్ధతి తనకే పనికిరాని రోజు వస్తేనే మనిషి పక్కవాడి సంచిలో చెయ్యి పెడతాడు. 'ది ఎక్స్-ఫైల్స్' మొదటి సీజన్ 13వ ఎపిసోడ్ 'బియాండ్ ద సీ'లో స్కల్లీ తండ్రి పోతాడు. మరణశిక్ష పడిన ఒక హంతకుడు తాను ఆత్మలతో మాట్లాడగలనంటాడు. మల్డర్ అతన్ని మోసగాడంటాడు, స్కల్లీ ఊగిసలాడుతుంది. ఇద్దరి పాత్రలూ తారుమారు. మల్డర్ ఆమెకు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. సైన్సు జవాబివ్వని చోట ఆమెను దుఃఖం నిలబెట్టింది. ఇది 13వ ఎపిసోడ్ కావడమూ గమనించాలి. మూడో ఎపిసోడ్‌లోనే వచ్చుంటే తారుమారు అయిందని గుర్తుపట్టేందుకు మన దగ్గర కొలబద్ద ఉండేది కాదు. ఆ ఎపిసోడ్ చివరికి ఆమె వెనక్కి తగ్గి మళ్లీ తన మామూలు వివరణల్నే పట్టుకుంటుంది. ఒక్క దెబ్బకు మనిషి మారిపోడని రాసినవాళ్లకు తెలుసు.

ఆ సిరీస్ ఇంకో ఉపాయం కూడా చేసింది. స్కల్లీ మెడలో సిలువ గొలుసు ఉంటుంది. కేసు మతానికి సంబంధించినదైతే నమ్మేది ఆమె, పెదవి విరిచేది మల్డర్. అంటే ఎదుటివారి గుణం విత్తనంగా ఇద్దరిలోనూ ముందునుంచే ఉంది. పార్ట్‌నర్ కొత్తగా తెచ్చి నాటిందేమీ లేదు, నీళ్లు పోశాడంతే. మార్పు అతికించినట్టు కనిపించకూడదంటే ఇలాంటి ఏర్పాటు మొదటి ఎపిసోడ్ నుంచే ఉండాలి.

పోలీసులు కాని జోడీల్లో ఈ చేబదులు వ్యవహారం మరింత భయంకరంగా నడుస్తుంది. 2008 నుంచి 2013 దాకా 62 ఎపిసోడ్లు నడిచిన 'బ్రేకింగ్ బ్యాడ్'లో కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్, అతని పాత విద్యార్థి జెస్సీ నేరంలో భాగస్తులు, మెత్ అనే మత్తుమందు తయారుచేసి అమ్ముతారు. జెస్సీని మొదటి సీజన్‌లోనే చంపేయాలని తొలుత అనుకున్నట్టు సృష్టికర్త విన్స్ గిలిగన్ చెప్పాడు. జెస్సీగా ఆరన్ పాల్ నటన, ఆ ఇద్దరి మధ్య కుదిరిన పొత్తు చూశాక ఆలోచన మారింది. కాగితం మీద లేని ప్రభావం సెట్‌లో పుట్టింది. దాన్ని గుర్తుపట్టి కథనే తిప్పుకున్నారు.

ఆ కథలో నాకు అన్నిటికన్నా నిక్కచ్చిగా అనిపించే సీన్ నాలుగో సీజన్‌లో ఉంది. వాల్టర్, జెస్సీ రక్తాలు కారేలా కొట్టుకుని విడిపోయారు. వెంటనే జెస్సీని మెక్సికోలో కార్టెల్ (మత్తుమందు ముఠా) ల్యాబుకు తీసుకెళ్తారు. అక్కడి పెద్ద కెమిస్టు ఇతన్ని చదువురాని కుర్రాడని ఎగతాళి చేస్తాడు. జెస్సీ ల్యాబు చుట్టూ చూసి, ఇంత మురికిలో పని మొదలుపెట్టనని, ముందు మొత్తం కడిగించమని గొడవ చేస్తాడు. పదాలు జెస్సీవే, బూతులు అతనివే. పట్టుదల మాత్రం అచ్చంగా వాల్టర్‌ది. పనయ్యాక సరుకు స్వచ్ఛత 96.2 శాతం వస్తుంది. ఒకప్పుడు మిరపకాయ పొడి కలిపి అమ్ముకున్న కుర్రాడు ఇతనే. గురువు మీద పీకలదాకా కోపమున్నా, గురువు పద్ధతి ప్రాణం కాపాడింది. మాస్టారు పక్కన ఉండి ఉంటే ఈ సీన్ సగం బలం పోయేది.

మరి వాల్టర్ ఏం తీసుకున్నాడు? వీధి భాష. రెండో సీజన్‌లో ఒక దుకాణం బయట, ముక్కూమొహం తెలియని ఇద్దర్ని పట్టుకుని తన ఇలాకాలోకి రావద్దని బెదిరిస్తాడు. ఇలాకా అన్న లెక్క జెస్సీ ప్రపంచానిది. జెస్సీకి ఆ మాటలు బతుకుతెరువు, వాల్టర్‌కు అవే మత్తయ్యాయి. ప్రభావం ఇద్దరి మీదా సమానంగా పడదనడానికి ఇదొక్కటి చాలు. ఒకే వస్తువు ఒకరి చేతిలో పనిముట్టు, ఇంకొకరి చేతిలో ఆయుధం. చివరికి వాల్టర్ నేర్చుకున్నదాంట్లో అతి నీచమైనది జెస్సీ బలహీనత: పసిపిల్లలకు హాని జరిగితే అతను తట్టుకోలేడు. నాలుగో సీజన్ ముగింపులో వాల్టర్ సరిగ్గా అక్కడే నొక్కుతాడు. పక్కవాణ్ని బాగా ఎరగడం కూడా ప్రభావంలో భాగమే. ఎరిగినవాడు ఎటు వాడతాడన్నది వేరే సంగతి.

ఇద్దర్నీ కట్టిపడేయడానికి రచయితలు తరచు వాడే ముడి ఉమ్మడి రహస్యం. 2014లో వచ్చిన 'ట్రూ డిటెక్టివ్' మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లూ దీని మీదే నిలబడ్డాయి. 1995లో లూసియానాలో ఒక హత్య కేసు. రస్ట్ లోకం మీద నమ్మకం లేనివాడు, కానీ ఆధారాల విషయంలో నిక్కచ్చి. మార్టీ సంసారి, నలుగురిలో కలిసేవాడు, ఇంట్లో అబద్ధాలకోరు. నిందితుడి చేతులకు బేడీలు వేశాక, లోపల బందీలుగా ఉన్న పిల్లల్ని చూసొచ్చిన మార్టీ పిచ్చి కోపంతో అతన్ని కాల్చేస్తాడు. రస్ట్ ఒక్క క్షణం ఆగి, ఏకే-47 తీసుకుని చుట్టూ చెట్లలోకి తూటాలు పేలుస్తాడు, ఎదురుకాల్పులు జరిగినట్టు కనిపించడానికి. మామూలుగా అబద్ధం మార్టీ పని, వాస్తవం రస్ట్ పని. ఆ రోజు తారుమారైంది. 2012లో ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే, ఏళ్లుగా మాటల్లేని ఆ ఇద్దరూ ఒకే అబద్ధం చెబుతారు. వాళ్ల గొంతు ఒకటి చెబుతుంటే తెరమీద బొమ్మ ఇంకొకటి చూపిస్తుంటుంది. ఇద్దరూ ఒకే గదిలో లేరు, అయినా ఒకరి మాట ఇంకొకరి నోట పలుకుతోంది.

ఆ కేసు చివరి తాళం తీసింది ఎవరన్నదీ చూడాలి. ఆకుపచ్చ చెవుల మనిషి అని ఒక చిన్నపిల్ల ఎప్పుడో చెప్పిన మాటను, పాత ఫోటోలో కొత్తగా ఆకుపచ్చ రంగేసిన ఇంటితో కలిపి చూసేది మార్టీ. మొద్దు అనుకున్నవాడు. పనికిరానివిగా కనిపించే రెండు వివరాలను పక్కపక్కన పెట్టి చూడటం రస్ట్ అలవాటు. రస్టేమో ఆస్పత్రి బయట ఆకాశం చూస్తూ వెలుగు గెలుస్తోందంటాడు. ఆ ముగింపు తేలిపోయిందని విమర్శించినవాళ్లున్నారు. రస్ట్ మాటల మటుకు ఆ విమర్శ నాకూ సబబే అనిపిస్తుంది, మార్పును నోటితో చెప్పించారు కాబట్టి. మార్టీది చేతల్లో చూపించారు, అందుకే అది నిలిచింది.

మార్పుకు మూల్యం కట్టించడంలో 2013 నాటి బ్రిటిష్ సిరీస్ 'బ్రాడ్‌చర్చ్' మొదటి సీజన్‌కు సాటి తక్కువ. ఒక చిన్న ఊళ్లో పిల్లాడి హత్య జరుగుతుంది. డిటెక్టివ్ ఎలీ ఆ ఊరి మనిషి, అందర్నీ పేరుపెట్టి పిలుస్తుంది. తనకు రావలసిన పదవిలో బయటినుంచి వచ్చిన హార్డీ కూర్చుంటాడు. ఎవరినీ నమ్మొద్దన్నదే అతని పాఠం. ఆమె గింజుకుంటూనే నేర్చుకుంటుంది. చివరికొచ్చేసరికి ఒక స్త్రీని విచారణ గదిలో నిలదీస్తుంది: నీ ఇంట్లోనే అంత ఘోరం జరుగుతుంటే నీకు తెలియకుండా ఎలా ఉంటుందని. ఆ ప్రశ్నలో హార్డీ వినిపిస్తాడు. కాసేపట్లోనే హంతకుడు ఎలీ భర్తేనని తేలుతుంది. అదే ప్రశ్నను చనిపోయిన పిల్లాడి తల్లి ఎలీని అడుగుతుంది. అరువు తెచ్చుకున్న పద్ధతి తిరిగి ఆమెకే తగిలింది. కథ అక్కడితోనూ ఆగదు. నిజం తెలిసిన క్షణంలో ఎలీ విచారణ గదిలో భర్తను చితక్కొడుతుంది. రెండో సీజన్‌లో ఆ దెబ్బల కారణంగానే అతని ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, అతను బయటపడతాడు. ఒక పాత్ర అదుపు తప్పితే కేసు ఫలితమే మారిపోవాలి. అలా మారని చోట పాత్రల మార్పు అలంకారంగా మిగిలిపోతుంది.

హోదా సంగతి వేరు. ఒకరు పై అధికారి అయితే ప్రభావం పైనుంచి కిందికే పారుతుందనుకుంటాం. 'ఇన్‌స్పెక్టర్ మోర్స్' (1987–2000) 33 ఎపిసోడ్లలో సార్జెంటు లూయిస్‌ది అదే స్థితి. ఆక్స్‌ఫర్డ్‌లో మోర్స్ పురాతన సాహిత్యం, ఒపెరా, వ్యాకరణ దోషాలు ఏకరువు పెడుతుంటే ఇతను కారు నడుపుతూ ఇంటికి ఫోన్ చేసే మనిషి. మోర్స్ పోయాక, 2006లో మొదలైన 'లూయిస్'లో ఇతనే ఇన్‌స్పెక్టర్. కింద సార్జెంటుగా వచ్చిన హాథవే ఒకప్పుడు పాదిరీ కావాలని చదువుకున్న మేధావి. పైవాడు సామాన్యుడు, కిందివాడు పండితుడు. పాత జోడీని తలకిందులు చేసి నిలబెట్టారన్నమాట. పండితుల పక్కన ఓపిగ్గా ఉండటం, వాళ్ల మాటల్లో కేసుకు పనికొచ్చేది ఏరుకోవడం లూయిస్ ఎక్కడ నేర్చుకున్నాడో మనకు చెప్పనక్కర్లేదు.

హిందీ సిరీస్ 'పాతాళ్ లోక్' ఇదే పనిని ఇంకా కటువుగా చేసింది. 2020లో హాథీరామ్ చౌధరీ కింద పనిచేస్తూ సివిల్స్‌కు చదువుకున్న అన్సారీ, 2025లో వచ్చిన రెండో సీజన్ నాటికి ఐపీఎస్ అధికారి. హాథీరామ్ ఇన్‌స్పెక్టర్‌గానే ఉన్నాడు. కేసు నాగాలాండ్ చేరాక మధ్యలోనే అన్సారీ చనిపోతాడు. పక్క సీటు ఖాళీ. మిగతా కేసును హాథీరామ్ ఎలా నడిపాడో చూస్తే అన్సారీ అతనికి ఏమయ్యేవాడో తేలుతుంది.

ఇక్కడో చిన్న పక్కదారి. ఇంగ్లీషు సిరీస్‌లను తెలుగులోకి డబ్బింగ్ చేసేటప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. ఇంగ్లీషులో అందరికీ ఒకే సంబోధన. తెలుగులో "మీరు" ఎప్పుడు "నువ్వు" అవుతుందో అనువాదకుడే తేల్చుకోవాలి. మొదటి ఎపిసోడ్ నుంచే నువ్వు, నువ్వు అని పెట్టేస్తే జోడీ దగ్గరయ్యే దారి మొత్తం చెరిగిపోతుంది. సీజన్ అంతా చూసి, ఏ సీన్‌లో మాట మారాలో ముందే గుర్తుపెట్టుకుని అక్కడ మారిస్తే, మూలంలో లేని ఒక ఆధారం తెలుగు ప్రేక్షకుడికి దొరుకుతుంది. గొడవ వచ్చినప్పుడు నువ్వు తిరిగి మీరైతే, అది తిట్టుకన్నా గట్టిగా తగులుతుంది.

ఇక పాడయ్యే తీరులు. అన్నిటికన్నా మామూలుది, పైన చెప్పిన సామెత నిజమైపోవడం. ఇద్దరూ ఒకరి తెలివి ఒకరు పూర్తిగా ఎక్కించుకుంటారు, ఎవరు ఏ మాటన్నా తేడా ఉండదు. పరీక్ష సులువు: స్క్రిప్టులో పాత్రల పేర్లు చేత్తో మూసేసి సంభాషణ చదవాలి. ఎవరి మాట ఎవరిదో పోల్చుకోలేకపోతే పని చెడింది. విరుగుడు ఏమిటంటే, ఒకరు పద్ధతి తీసుకున్నా దాన్ని కొంచెం తప్పుగా వాడాలి. జెస్సీ శుభ్రత గురించి అరిచాడు తప్ప ఫార్ములా పాఠం చెప్పలేదు.

రెండోది, ఎపిసోడ్ ముగియగానే పలక తుడిచేయడం. ఏ ఎపిసోడ్ ఎప్పుడు చూసినా అర్థం కావాలని ఛానళ్లు కోరుకునే సిరీస్‌లలో ఇది తప్పదు. నిన్న ఏడ్చినవాళ్లు ఇవాళ ఏమీ ఎరగనట్టు వస్తారు. అలాంటి సిరీస్‌లలో ప్రభావం సీజన్ల మధ్య, పార్ట్‌నర్లు మారినప్పుడే బయటపడుతుంది. 1993లో మొదలై 12 సీజన్లు నడిచిన న్యూయార్క్ పోలీసుల కథ 'ఎన్‌వైపీడీ బ్లూ'లో డిటెక్టివ్ సిపోవిట్జ్ తాగుబోతు, జాతి ద్వేషి. కెల్లీ, సిమోన్, సోరెన్సన్, క్లార్క్ అని నలుగురు పార్ట్‌నర్లు వరసగా మారారు. మొదట్లో ఇతన్ని మోసేవాళ్లు కావాలి, చివరి పార్ట్‌నర్ క్లార్క్ నాటికి దారి చూపేది ఇతనే. ముగింపులో ఆ దళానికి పెద్ద అవుతాడు. మొదటి పార్ట్‌నర్ వెళ్లిపోవడానికి కారణం ఆ నటుడు తప్పుకోవడం. నిర్మాతలకు తలనొప్పిగా వచ్చింది పాత్రకు కొలబద్ద అయి కూర్చుంది.

మూడోది, ఒక పాత్ర కేవలం రెండోదాన్ని బాగుచేయడానికే ఉండటం. మొరటు డిటెక్టివ్‌ను మెత్తబరచడానికి వచ్చే మహిళా పార్ట్‌నర్ ఈ జబ్బుకు పాత రోగి. ఆమెకు తనదంటూ ఓడిపోయే కేసు ఒక్కటీ ఉండదు. అతను మారతాడు, ఆమె చూస్తుంది.

ఇక ప్రేమ. జోడీ కలిస్తే సిరీస్ చస్తుందని ఒక నానుడి ఉంది, దానికి అందరూ 'మూన్‌లైటింగ్' (1985–89) పేరు చెబుతారు. 1987లో మూడో సీజన్‌లో మ్యాడీ, డేవిడ్ ఒకటయ్యాక సిరీస్ పడిపోయిన మాట నిజమే. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. మ్యాడీ వేషం వేసిన సిబిల్ షెపర్డ్ గర్భవతి, డేవిడ్ వేషం వేసిన బ్రూస్ విల్లిస్ సినిమా షూటింగ్‌లో. నాలుగో సీజన్‌లో చాలా ఎపిసోడ్లలో ఇద్దరూ ఒకచోట లేరు. సృష్టికర్త గ్లెన్ గోర్డన్ కారన్ తప్పుకున్నాడు. 1988లో రచయితల సమ్మె. ఇన్నిటిని వదిలేసి నింద ప్రేమ మీద వేయడం అన్యాయం. కలవడం వల్ల పోయేది ఒక ప్రశ్న మాత్రమే. దాని స్థానంలో కొత్త ప్రశ్న పెట్టకపోతే అప్పుడు పోతుంది సిరీస్.

కొత్త ప్రశ్న ఎలా పెట్టాలో స్వీడన్, డెన్మార్క్ కలిసి తీసిన 'ది బ్రిడ్జ్' చూపించింది. 2011లో రెండు దేశాల మధ్య వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత దగ్గర శవం దొరుకుతుంది. మాల్మో నుంచి సాగా, కోపెన్‌హాగన్ నుంచి మార్టిన్. మొహమాటానికైనా అబద్ధమాడటం సాగాకు చేతకాదు, మార్టిన్‌కు అది ఊపిరి. మొదటి సీజన్ చివర్లో, మార్టిన్ తన కొడుకు బతికే ఉన్నాడా అని వంతెన మీద అడుగుతాడు. పిల్లవాడు చనిపోయాడని సాగాకు తెలుసు. జీవితంలో మొదటిసారి ఇంకొకరి కోసం అబద్ధమాడుతుంది, అదీ చేతకాకుండా. మార్టిన్ పట్టేస్తాడు. చేబదులు తెచ్చుకున్న పద్ధతిని తప్పుగా వాడటమంటే ఇదే. రెండో సీజన్ ముగిసేసరికి, కొడుకును చంపినవాడు జైల్లో విషంతో చస్తాడు. ఆ పని మార్టిన్‌దని గ్రహించిన సాగా అతన్ని చట్టానికి అప్పగిస్తుంది. స్నేహం పెరిగింది, నిబంధన కరగలేదు. వాళ్లు వాళ్లుగానే ఉన్నారు.

మూడో సీజన్ నుంచి మార్టిన్ లేడు, హెన్రిక్ వచ్చాడు. మొత్తం 38 ఎపిసోడ్ల పొడుగునా సాగా ఫోన్ ఎత్తినప్పుడల్లా తన పేరు, విభాగం, ఊరు వరసగా అప్పజెబుతుంది. 2018లో చివరి ఎపిసోడ్ చివర వంతెన మీద కారు ఆపి, పోలీసు బ్యాడ్జీ తీసి సముద్రంలోకి విసిరేస్తుంది. పక్కన ఎవరూ లేరు. తిరిగి కారెక్కుతుంది. ఫోన్ మోగుతుంది. "సాగా నొరెన్" అని మాత్రమే అంటుంది.